ఉప్పుగాలిలో జోంగా: తొమ్మిదేళ్లుగా ఇంట్లోనే బ్రేకులు, బేరింగుల పని

విశాఖ పెదవాల్తేరులో మా ఇంటి పోర్టికోలో కారు ఉండాల్సిన చోట 2016 నుంచి జోంగా అనే జీపులాంటి బండి ఉంటోంది. ఆర్మీ వాడుకుని వేలంలో అమ్మేసిన బండి, నా దాకా వచ్చేసరికి రెండు చేతులు మారింది. నిస్సాన్ పీ60 నమూనాతో జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి దాదాపు మూడు దశాబ్దాలు మన సైన్యానికి తయారుచేసిన రకం ఇది. నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ గురించి అందరూ మురిసిపోతారు. లాగడంలో దానికి తిరుగులేదు. దాన్ని ఆపడం ఎలాగన్నదే నా తొమ్మిదేళ్ల గొడవ.

పని ఇంట్లో మొదలుపెట్టింది సరదాకి కాదు. మొదటి ఏడాది ఒక షెడ్డులో ముందు బేరింగులకు గ్రీజు పెట్టించాను. మర్నాడు భీమిలి దాకా వెళ్లి దిగి చక్రం మధ్యలోని హబ్బు మీద చెయ్యి పెడితే చుర్రుమంది. నట్టును ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బిగించేశారు. అడిగితే "గట్టిగా ఉంటేనే మంచిది సార్" అన్నారు. కోసుగా ఉండే రోలర్లున్న ఈ టేపర్ బేరింగుకు అది కుదరదు. చక్రం తిప్పుతూ నట్టు బిగిస్తే రోలర్లు సర్దుకుంటాయి. ఆ తర్వాత మాన్యువల్ చెప్పినంత వెనక్కి వదలాలి. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే లొడలొడ ఉండకూడదు, తిప్పితే మాత్రం హాయిగా తిరగాలి. చివర్లో లాక్ వాషర్ చెవిని నట్టు మీదికి వంచాలి. ఆ చెవి ఒకసారి వంగి తిరిగి లేచిందంటే దాని పని అయిపోయినట్టే, కొత్తది వెయ్యాల్సిందే.

గ్రీజు పెట్టడం మాత్రం డాక్‌యార్డులో రిటైరైన మా బాబాయ్ దగ్గర నేర్చుకున్నాను. నేను వేలితో పైపైన రాస్తుంటే చూసి, "ఏటిరా, పూత పూస్తన్నావా? బేరింగుకి కడుపు నిండాలి గానీ ఒంటికి రాస్తే ఏటవుద్ది?" అన్నాడు. అరచేతిలో గ్రీజు ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచును దాంట్లోకి నొక్కుతూ పోవాలి. అవతలి అంచున రోలర్ల సందుల్లోంచి గ్రీజు పైకి రావాలి. అంతకుముందు పాత గ్రీజు మొత్తం కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాలి. రెండు రకాల గ్రీజులు కలిస్తే పల్చబడి కారిపోయే ప్రమాదం ఉంది. అందుకే నేను లిథియం గ్రీజు ఒక్కటే వాడుతున్నాను, డబ్బా మార్చలేదు.

2018లో ఒక తెలివితక్కువ పని చేశాను. రుషికొండ దగ్గర ఇసుకలోకి దింపి, అలల అంచున ఓ పావుగంట తిప్పాను. వేడిగా ఉన్న హబ్బు చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు సందులోంచి నీటిని లాక్కుంటుంది. నెల తర్వాత విప్పితే గ్రీజు మజ్జిగ రంగులో ఉంది. ఒక వైపు బేరింగులు రెండూ తుప్పు చుక్కలతో చెత్తబుట్టలోకి పోయాయి.

అసలు విశాఖలో ఈ బండికి శత్రువు కిలోమీటర్లు కాదు, గాలి. నేను తిరిగేది ఏడాదికి రెండు మూడు వేల కిలోమీటర్లే. అయినా వానల్లో మూడు వారాలు కదపకపోతే బ్రేక్ షూలు చక్రంతో పాటు తిరిగే డ్రమ్ముకు అంటుకుపోతాయి. షూలను డ్రమ్ము మీదికి తోసే వీల్ సిలిండర్ల లోపల గుంటలు పడతాయి. అలాంటివాటికి వాషర్ కిట్ మార్చి ప్రయోజనం లేదు, సిలిండరే మార్చాలి. విడిభాగాల కోసం ఢిల్లీ మాయాపురికి ఫోన్లు చేయడం ఇప్పుడు అలవాటైపోయింది. వచ్చినవాటిలో సగం పాతవాటికి రంగేసినవే.

బ్రేక్ ఆయిల్ కథ వేరు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. ఆయిల్ మరిగితే లోపల ఆవిరి బుడగలు పుట్టి, పెడల్ తొక్కినా బ్రేకు పట్టదు. ఈ అంకెలు నాకు డబ్బా మీద చదివితే అర్థం కాలేదు. అరకు నుంచి అనంతగిరి ఘాట్‌లో దిగుతుంటే పెడల్ స్పాంజిలా మెత్తగా కిందికి పోయింది, అప్పుడు అర్థమైంది. పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల దాకా తోసే మాస్టర్ సిలిండర్‌కు నా బండిలో ఒకటే లైను, ఎక్కడ తేడా వచ్చినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. సెకండ్ గేరులో ఇంజన్ పట్టు మీదే ఎస్.కోట దాకా దించాను. పక్కన మా ఆవిడ మాట్లాడలేదు, అదే పెద్ద టెన్షన్. అప్పట్నుంచి ఏటా తుపాన్ల కాలం దాటాక, డిసెంబరులో, ఆయిల్ మొత్తం మార్చేస్తున్నాను. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టి బ్రేకు లైన్లలోని గాలి తీస్తాను. పెడల్ తొక్కడానికి మా అబ్బాయికి బిర్యానీ లంచం.

ఇంట్లో చేసేవాళ్లకు ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. జోంగా హ్యాండ్ బ్రేకు చక్రాల మీద ఉండదు, ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక షాఫ్టును పట్టుకుంటుంది. వెనక ఒక చక్రం జాకీతో లేపామా, గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరుగుతూ నేల మీది చక్రాన్ని వదిలేస్తుంది. హ్యాండ్ బ్రేకు లాగి ఉన్నా నా బండి గేటు వైపు జానెడు జారింది. ఇప్పుడు మిగతా చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టి, యాక్సిల్ కింద స్టాండు వేశాకే పానా పట్టుకుంటాను. డ్రమ్ములో దుమ్మును కూడా గాలితో ఊదను. షూల మీద ఉండే పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం, తడిపి తుడుస్తాను.

అన్నీ ఇంట్లోనే చేయాలన్న పంతం లేదు. లైనర్లు రివిట్ చేయించడానికీ, డ్రమ్ము లేత్ మీద టర్నింగ్ పెట్టించడానికీ గాజువాక ఆటోనగర్ వెళ్తాను. బేరింగులు మాత్రం ఇంకెవరి చేతికీ ఇవ్వను. ఆ రుషికొండ జత తప్ప తొమ్మిదేళ్లలో ఒక్క బేరింగు కూడా మార్చలేదు.

ప్రస్తుతం వెనక కుడి డ్రమ్ము కింది అంచున తడి కనిపిస్తోంది. వాసన చూస్తే గేరు ఆయిలే, బ్రేక్ ఆయిల్ కాదు. అంటే యాక్సిల్ సీలు పోయింది, షూలు కూడా తడిసే ఉంటాయి. సీలు కోసం చెప్పి పెట్టాను, వచ్చేదాకా బండి గేటు దాటదు.