రాజమండ్రిలో గుండె సీటీ స్కాన్: పరీక్ష మేలైనదే, కొవ్వు లెక్కకు కట్టిన డబ్బే దండగ

రావులపాలెం దగ్గర మా ఊరి నుంచి గౌతమి వంతెన దాటి, గత నెలలో రాజమండ్రిలోని ఒక స్కానింగ్ కేంద్రంలో సీటీ కరోనరీ యాంజియోగ్రామ్ (రంగు మందు ఎక్కించి గుండెకు రక్తం అందించే కరోనరీ ధమనులను చూసే స్కాన్) చేయించుకున్నాను. మా అన్నయ్యకు 52 ఏళ్లకే స్టెంటు వేయవలసి రావడంతో, నాకు నొప్పి, ఆయాసం లేకపోయినా గుండె డాక్టరు గారు ఈ పరీక్ష రాశారు.

పరీక్ష విషయంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ నివేదిక చూసిన తర్వాతే లోపలికి పంపారు. నాడి 82 ఉందని మాత్ర ఇచ్చి, అది 60 దగ్గరకు దిగేదాకా గంటకు పైగా కూర్చోబెట్టారే గాని తొందరపడలేదు. రంగు మందు ఎక్కించేటప్పుడు గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకుతుందని, బట్టల్లో మూత్రం పోయినట్టు అనిపించినా కంగారు పడవద్దని టెక్నీషియన్ ముందే చెప్పాడు. అచ్చం అలాగే జరిగింది. సాయంత్రానికి నివేదిక చేతికి వచ్చింది. ధమనుల గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని తెలిపే కాల్షియం స్కోరు 14, చెప్పుకోదగ్గ పూడికలు లేవు.

నా ఫిర్యాదంతా కౌంటరులో అదనంగా 1,800 రూపాయలు కట్టించుకున్న 'గుండె కొవ్వు విశ్లేషణ' గురించే. రక్తనాళాల చుట్టూ ఉన్న కొవ్వులోని వాపును (ఇన్‌ఫ్లమేషన్) ముందే పసిగట్టవచ్చని కరపత్రంలో రాశారు. నివేదికలో వచ్చింది మాత్రం ఒక్కటే వాక్యం: గుండె చుట్టూ కొవ్వు 118 మిల్లీలీటర్లు.

కరపత్రంలోని మాట అబద్ధం కాదు. కాలువలో పూడిక తీయించడం మీదే ధ్యాస పెట్టి, గట్టు మెత్తబడిందేమో చూడనట్టుగా, నాళం బయట అంటిపెట్టుకుని ఉండే కొవ్వును వైద్యులు చాలాకాలం నాళానికి ఆసరాగా ఉండే వట్టి దిండుగానే భావించారు. ఆ కొవ్వును ఒలిచేయకుండా ఉంచిన ఎలుక బృహద్ధమని ముక్క, ముడుచుకునేలా చేసే మందుకు తక్కువగా స్పందిస్తుందని 1991లో ఒక ప్రయోగం చూపింది. ఆరోగ్యంగా ఉన్నంతకాలం అది అడిపోనెక్టిన్ వంటి పదార్థాలు విడుదల చేసి నాళాన్ని సడలిస్తుంది. ఊబకాయం, మధుమేహం వచ్చాక అదే కొవ్వు వాపుకు గురై, వాపును పెంచే పదార్థాలను బయటి నుంచి నాళపు గోడలోకి పంపుతూ, లోపల కొలెస్టరాల్ పేరుకోవడానికి తోడ్పడుతుంది. గుండె కండరంలోకి దూరి సాగే ధమని భాగానికి చుట్టూ కొవ్వు ఉండదు, అక్కడ పూడిక కూడా అరుదు. అయితే దానికి వేరే కారణాలు కూడా చెబుతారు.

ఈ రాకపోకలు ఒకవైపు నుంచే కావు. గోడలో వాపు ఉంటే దాని సంకేతాల వల్ల పక్కనున్న కొవ్వు కణాలు కొవ్వును నిండుగా దాచుకోలేక నీరు పట్టినట్టు అవుతాయి. సీటీలో సాంద్రతను కొలిచే హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో నీటి విలువ 0, కొవ్వుది సుమారు -190 నుంచి -30 కాబట్టి, వాపు పెరిగిన కొద్దీ ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2017లో ఈ కొలతను వివరించారు. 2018లో 3,900 మందికి పైగా రోగుల స్కాన్లు పరిశీలించినప్పుడు, కుడి కరోనరీ ధమని చుట్టూ ఆ విలువ -70.1 లేదా అంతకంటే సున్నాకు దగ్గరగా ఉన్నవారిలో గుండె జబ్బు మరణాలు ఎక్కువగా కనిపించాయి.

అంటే తెలియవలసింది ధమనిని ఆనుకున్న కొవ్వు ఏ స్థితిలో ఉందన్నది. నాకు ఇచ్చినది మొత్తం గుండె మీద ఎంత కొవ్వు ఉందన్న లెక్క. రేడియాలజిస్టు గారిని అడిగితే దాపరికం లేకుండా తెర మీద నా కుడి ధమనిని, దాని చుట్టూ గొట్టంలా ఉన్న బూడిదరంగు పొరను చూపించి, ఆ కొలతకు వేరే సాఫ్ట్‌వేర్ కావాలని, అది తమ దగ్గర లేదని చెప్పారు. ఆ మాట కౌంటరులో చెప్పి ఉంటే నేను ఆ డబ్బు కట్టేవాణ్ణి కాదు. తిరిగి ఇమ్మంటే ప్యాకేజీలో భాగమని తోసిపుచ్చారు.

డాక్టరు రాసి ఇస్తే స్కాన్‌కు ఇక్కడికి నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. బిల్లులో కొవ్వు విశ్లేషణ వరుసను మాత్రం కొట్టించుకోండి. మా డాక్టరు గారు ఆ 118 అంకె మీద ఒక్క క్షణం కూడా ఆగలేదు. సొరుగులోంచి టేపు తీసి నా నడుము కొలిచి, మూడు నెలల సగటు షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించానని అడిగారు.