ఐదో వారం తేలిక వారం: 14 నెలల తర్వాత నా మాట

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండి అనే ఊరి దగ్గర. రొయ్యల చెరువులు చేస్తాను. బరువులు ఎత్తడం మొదలుపెట్టి ఆరేళ్ళయింది. వారానికి మూడు రోజులే ఎత్తడం, నాలుగు వారాలు గట్టిగా చేశాక ఐదో వారం కావాలని తేలిగ్గా చేయడం, ప్రతి సెట్టూ (ఆగకుండా వరసగా ఎత్తే ఒక్కో విడత) నోటుబుక్కులో రాసుకోవడం. 14 నెలలుగా ఈ పద్ధతి వదల్లేదు. జిమ్ అంటేనే మనసు రాని స్థితి ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి, అలాంటివాళ్ళ కోసం రాస్తున్నాను.

అంతకుముందు వారానికి ఆరు రోజులు వెళ్ళేవాణ్ణి. డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్‌ని నిలబడి ఎత్తడం) 140 కిలోల దగ్గర, స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేవడం) 110 దగ్గర ఎనిమిది నెలలు ఆగిపోయాయి. కదలట్లేదని ఇంకో సెట్ కలిపేవాణ్ణి. అప్పుడు వనామీ రొయ్య పంట మంచి ఊపులో ఉంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది కదా, మూడింటికే లేచి గట్టు మీదకి వెళ్ళాలి. కరెంటు పోతే జనరేటర్ వేసి, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పాలి. రాత్రి మొత్తం మీద నాలుగు గంటలు నిద్ర, అదీ ముక్కలు ముక్కలుగా. ఆరింటికి జిమ్. పైగా పొట్ట తగ్గాలని రాత్రి అన్నం మానేశాను.

ఒకరోజు జిమ్ ముందు బండి ఆపి, దిగకుండా ఇరవై నిమిషాలు అలాగే కూర్చుండిపోయాను. లోపల గోడ మీద కరణం మల్లీశ్వరి గారి ఫొటో ఉండేది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో (ఒకే ఊపులో తల మీదికి ఎత్తడం) 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో (ముందు భుజాల దాకా, తర్వాత తల మీదికి) 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన మనిషి. ఆ ఫొటో చూస్తేనే ఒళ్ళు పులకరించే నాకు, ఆ రోజుల్లో చూసినా ఏమీ అనిపించలేదు. పొద్దున్న నిద్ర లేవగానే మామూలుగా 62 ఉండే పల్స్ 74 కొట్టేది. అక్కడి కోచ్ "బద్ధకం అండీ, పౌడర్ వేసుకోండి" అని, వ్యాయామానికి ముందు ఊపు కోసం తాగే ప్రీ వర్కౌట్ పౌడర్ డబ్బా ఇచ్చాడు. అందులో ఉన్న కెఫీన్ వల్ల ఉన్న కాస్త నిద్రా పోయింది. ఆ సలహా మీద నాకు ఇప్పటికీ కోపమే.

చివరికి మా ఆవిడే అంది, "జిమ్ నుంచి వచ్చాక మీరు పిల్లలతో మాట్లాడటం మానేశారండీ" అని. ఆ మాట గట్టిగా తగిలింది.

ముందు డాక్టర్ గారికి చూపించుకున్నాను. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ పరీక్షలు చేయించారు, అన్నీ బాగానే వచ్చాయి. ఈ పని మాత్రం ఎవరూ దాటవేయొద్దు. ఒంట్లో వేరే ఏదైనా ఉంటే ఎన్ని తేలిక వారాలు చేసినా నీరసం పోదు.

మూడు వారాలు పూర్తిగా మానేసి, డెడ్‌లిఫ్ట్ 100 నుంచి మళ్ళీ మొదలుపెట్టాను. సోమ, బుధ, శుక్రవారాలు. ఇంకో రెండుసార్లు ఎత్తగలను అనిపించినప్పుడే సెట్ ఆపేస్తాను. ఊపిరి బిగబట్టి, ఇక ఎత్తలేనన్న ఆఖరి రెప్ (ఒకసారి ఎత్తి దించడం) దాకా వెళ్ళడం లేదు. ఐదో వారంలో బరువు అరవై శాతానికి దించి, సెట్లు సగం చేస్తాను. మా గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు, అంటే నీళ్ళు ఆపేస్తారు. పూడిక, గుర్రపు డెక్క తీసి, లాకులు బాగుచేసుకుని, జూన్‌లో మళ్ళీ నీళ్ళు వదులుతారు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. అందుకే ఆ వారం పేజీ మీద "కాలువ కట్టేశాం" అని రాసుకుంటాను.

అన్నం మళ్ళీ మొదలుపెట్టాను. రాత్రి అన్నం, రెండు గుడ్లు, చేపల కూర ఉంటే చేపలు. నిజం చెప్పాలంటే, సగం ఓపిక ఈ అన్నంతోనే తిరిగొచ్చింది. రాత్రి కాపలా నేనూ మా బావమరిదీ వంతులు వేసుకున్నాం. నా వంతు పడిన మర్నాడు జిమ్‌కి వెళ్ళను.

ఇంకో చిన్న మార్పు బాగా పనిచేసింది. జిమ్‌లో అన్నిటికన్నా చిన్న ప్లేటు 1.25 కిలోలు, అంటే రెండు వైపులా వేస్తే ఒకేసారి రెండున్నర కిలోలు పెరుగుతుంది. బెంచ్‌లో (బల్ల మీద పడుకుని బార్‌ని ఛాతీ మీంచి పైకి నెట్టడం) నాకు అది ఎక్కువ. భీమవరంలో లేత్ షాపువాళ్ళ చేత అరకిలో ఇనుప బిళ్ళలు రెండు కోయించాను. అంచులు అరగదీసి, మధ్యలో బార్ దూరేంత చిల్లు పెట్టి ఇచ్చారు. మన గాలికి వారంలోనే తుప్పు పట్టాయి. కుట్టుమిషన్ నూనె రాసి గుడ్డతో తుడుస్తున్నాను. ఆ బిళ్ళలతో బెంచ్ ఒక్కో కిలో చొప్పున 80 నుంచి 87 అయింది. కిలో పెరిగినా పుస్తకంలో కొత్త అంకె పడుతుంది, ఆ అంకె కోసమే తర్వాతి రోజు వెళ్ళాలనిపిస్తుంది.

పుస్తకం విషయంలో ఒక మాట. జెల్ పెన్ వద్దు, చెమట చెయ్యి తగిలితే అంకెలు అలికిపోతాయి. పెన్సిలే నయం.

లోపాలూ ఉన్నాయి. మొదటి రెండు తేలిక వారాలు నాకు నరకం. చేతులు ఊరుకోవు, కండ కరిగిపోతోందని టెన్షన్. మూడోసారికి సర్దుకుంది. పెరుగుదల నెమ్మది: ఇన్ని నెలలకి డెడ్‌లిఫ్ట్ 147 దగ్గరే ఉన్నాను. పోటీలకి వెళ్ళే కుర్రాళ్ళకి ఇది చాలదు. కొత్తగా చేరినవాళ్ళకి ఐదో వారమే తేలిక అక్కర్లేదు, వాళ్ళు ఎత్తే బరువులకి ఒళ్ళు త్వరగానే కోలుకుంటుంది. రోహిణి కార్తెలో ఈ పద్ధతి కూడా నన్ను కాపాడలేదు. ఆ ఉక్కపోతలో నాలుగు వారాలు ఆగలేక మూడో వారానికే తేలిక చేసుకున్నాను.

ఇప్పుడు లేవగానే పల్స్ 61, 63 మధ్య ఉంటోంది. వచ్చే వారం చెరువులో రొయ్యల పట్టుబడి ఉంది, ఆ నాలుగు రోజులూ నిద్ర ఉండదు. అందుకని తేలిక వారం ముందుకి జరిపాను. పుస్తకంలో పేజీ పైన "కాలువ కట్టేశాం" అని అప్పుడే రాసేశాను.