ఒంగోలు బోరు నీళ్ళకు బ్రెజిల్ నూనెలు, వెన్నలు: వాడి చూశాక

బ్రెజిల్ ఆడవాళ్ళు తరతరాలుగా జుట్టుకు వాడుకుంటున్న బబసు నూనె, మురుమురు వెన్న, బురితి నూనె ఇప్పుడు ఆన్‌లైన్‌లో మన దాకా వస్తున్నాయి. ఒంగోలులో ఎండలు ముదరక ముందు ఈ మూడింటినీ తెప్పించి, వానలు పడే వరకు నేనూ, ఉంగరాల జుట్టున్న మా అమ్మాయీ వాడాము. మా ఇంటి పరిస్థితి ముందే చెప్పడం అవసరం. సాగర్ కాలువ నీళ్ళు కుళాయికి వచ్చే రోజు తప్పిస్తే తలస్నానానికి మాకు బోరు నీళ్ళే గతి. ఆ ఉప్పు నీళ్ళతో తలంటుకుంటే ఆరేసరికి జుట్టు కొబ్బరిపీచులా బిరుసెక్కుతుంది. కాబట్టి ఏ నూనెకు ఎంత పేరుందన్నది కాక, ఈ నీళ్ళ దెబ్బకు ఏది ఆగుతుందన్నదే మేము చూసుకున్నాము.

ముందుగా బబసు. ఇది తాటి, కొబ్బరి కుటుంబానికి చెందిన ఒక చెట్టు గింజల నుంచి తీసే నూనె. ఈశాన్య బ్రెజిల్‌లోని మరన్యావ్, పియావీ రాష్ట్రాల్లోనూ, పక్కనున్న టొకాంటిన్స్, పరా రాష్ట్రాల్లోనూ ఈ చెట్లు అడవులుగా పెరుగుతాయి. కాయ పెంకు చాలా గట్టిది. అక్కడి ఆడవాళ్ళు నేల మీద కూర్చుని, గొడ్డలిని పదును పైకి ఉండేలా కాలి కింద అదిమిపట్టి, దాని మీద కాయను నిలిపి కర్ర దుడ్డుతో కొట్టి పగలగొడతారు. ఇంతా చేస్తే ఒక్కో కాయలో దొరికేవి కొద్దిపాటి గింజలే. భూస్వాములు కంచెలు వేసి చెట్ల దగ్గరకు రానివ్వకపోతే వీళ్ళు సంఘాలు కట్టి పోరాడారు. మరన్యావ్‌లోని లాగో దో జుంకో అనే చిన్న మునిసిపాలిటీ 1997లో, ప్రైవేటు భూముల్లోని కాయలనూ వీళ్ళు ఏరుకోవచ్చునని చట్టం చేసింది. సీసా ధర చూసి మొహం చిట్లించే ముందు ఈ శ్రమను తలుచుకోవాలి. అయితే ఆ ధరలో వాళ్ళ చేతికి అందేది ఎంతన్నది వేరే సంగతి.

ఇక నూనె గుణానికి వస్తే, లేత పసుపు రంగు, దాదాపు వాసన లేదు. మా అత్తయ్య అరచేతిలో వేసుకుని రుద్ది చూసి, "ఏందమ్మాయ్, ఇది మన కొబ్బరినూనె మాదిరే ఉందే, వాసన తీసేశారంతే" అన్నారు. రసాయన శాస్త్రం చెప్పేదీ ఇంచుమించు అదే. రెండు నూనెల్లోనూ సగానికి అటూ ఇటూగా ఉండేది లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం, రెండూ కరిగేదీ 24, 25 డిగ్రీల దగ్గరే. లారిక్ ఆమ్లపు అణువు చిన్నది, వంపులు లేనిది కనుక వెంట్రుక లోపలికి దిగి, కడిగినప్పుడు ప్రొటీన్ కొట్టుకుపోకుండా చూస్తుంది. కొబ్బరినూనెకు ఈ గుణం ఉందని, పొద్దుతిరుగుడు నూనెకూ మినరల్ ఆయిల్‌కూ లేదని మన దేశ పరిశోధకులే 2003లో ప్రచురించిన పరీక్షల్లో చూపించారు. బబసులో జిడ్డు కాస్త తక్కువ, పొద్దున్నే రాసుకుని బయటికి వెళ్ళినా మొహం మీదికి కారదు. ఆ ఒక్క సుఖం కోసం కొబ్బరినూనెకు ఎన్నో రెట్ల ధర పెట్టడం నాకు సమంజసంగా తోచలేదు.

మురుమురు వెన్న అలా కాదు. అమెజాన్ ప్రాంతంలో కాండం నిండా పొడవాటి ముళ్ళుండే ఒక తాటిజాతి చెట్టు గింజల నుంచి దీన్ని తీస్తారు. డబ్బాలో గట్టిగా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే ఒంటి వేడికే కరుగుతుంది. దీన్ని వాడినప్పుడే మనకూ వాళ్ళకూ ఉన్న అసలు తేడా నాకు తెలిసివచ్చింది. మన శ్రద్ధ అంతా తలంటుకు ముందే. నూనె మర్దనా, మెంతిపిండి, మందారాకు, కుంకుడు పులుసు, ఇవన్నీ అయ్యాక తుండు చుట్టి, సాంబ్రాణి పొగ పట్టి జడ వేస్తే పని ముగిసినట్టే. ఉంగరాల జుట్టు వాళ్ళు ఎంతోమంది ఉన్న బ్రెజిల్‌లో తలస్నానం అయ్యాకే అసలు పని మొదలవుతుంది. తడి జుట్టుకు మాస్క్ (పట్టించి కాసేపు ఉంచే చిక్కటి క్రీము) వేసి కడిగి, ఆ తరువాత కడగనవసరం లేని క్రీము రాసి, అది ఉండగానే చిక్కు తీస్తారు. ఒకసారి తేమ, ఒకసారి నూనె, ఇంకోసారి ప్రొటీన్ అందేలా పట్టిక వేసుకుని పాటించేవారూ అక్కడ చాలామంది ఉన్నారు.

బోరు నీళ్ళ బాధ సరిగ్గా ఈ దశలోనే మొదలవుతుంది కాబట్టి మురుమురు మాకు పనికొచ్చింది. శనగగింజంత వెన్నను అరచేతుల్లో కరిగించి, మా అమ్మాయి తడి జుట్టుకు చెవుల దిగువ నుంచి కొసల దాకా పాయలు పాయలుగా పట్టించి, పెద్ద పళ్ళ దువ్వెనతో కింది నుంచి పైకి చిక్కు తీస్తే, మునుపు ఏడుపుతో ముగిసే పని మాటల్లో సాగిపోయింది. ఆరిన తరువాత ఉంగరాలు విడివిడిగా నిలిచాయి, దువ్వెనకు చిక్కి తెగే వెంట్రుకలు బాగా తగ్గాయి. మాడుకు మాత్రం రాయకూడదు, అక్కడ జిడ్డుగా పేరుకుంటుంది. నాలాంటి సన్నని, వంపు లేని జుట్టుకు ఇది బరువు. సాయంత్రానికి నూనె ఓడుతున్నట్టు కనిపిస్తుంది. మే నెలలో డబ్బా అలమారలోనే కరిగి, చల్లబడ్డాక రవ్వరవ్వగా గట్టిపడింది. అది పాడవడం కాదు, కొవ్వు నిదానంగా చల్లారితే అలాగే అవుతుంది. గోరువెచ్చని నీళ్ళలో డబ్బా ఉంచి పూర్తిగా కరిగించి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్ళీ నునుపు వచ్చింది.

బురితి నూనె (ఇదీ ఒక తాటిజాతి చెట్టు పండు నుంచి తీసేదే) గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కెరోటిన్ నిండుగా ఉండడం వల్ల నారింజ ఎరుపు రంగులో ఉంటుంది, చూడ్డానికి బాగుంటుంది, తెల్ల దిండు గలీబుకు అంటితే ఉతికినా పోదు. నెరిసిన జుట్టున్నవారు దీని జోలికి పోకపోవడం మంచిది.

ఈ పేర్లతో షాంపూలు, క్రీములు కూడా వస్తున్నాయి కనుక వెనకవైపు సన్నక్షరాలు చదవాలి. ఎక్కువ పాళ్ళలో ఉన్నవి ముందు, తక్కువవి తరువాత రాస్తారు. ముందువైపు పెద్ద బొమ్మగా ఉన్న మురుమురు, వెనక జాబితాలో సువాసన ద్రవ్యం తరువాత వచ్చిందంటే అందులో ఉన్నది పేరుకే. విదేశీ సరుకైతే దిగుమతిదారు పేరూ, దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరూ కూడా ఉండాలి.

మన ఊళ్ళ పార్లర్లలో 'బ్రెజిలియన్' పేరుతో జుట్టు సాఫు చేసే చికిత్సకు ఈ సంప్రదాయంతో ఏ సంబంధమూ లేదు. ఆ రకం ద్రావణాలు చాలావాటిలో ఫార్మాల్డిహైడ్ గానీ, ఇస్త్రీ వేడికి దాన్ని వదిలే రసాయనం గానీ ఉంటుంది. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. బ్రెజిల్ నియంత్రణ సంస్థ అన్వీజా కూడా సరుకు చెడకుండా కలిపే ద్రవ్యంగా 0.2 శాతం వరకే దాన్ని ఒప్పుకుంటుంది, జుట్టు సాఫు చేయడానికి ఒప్పుకోదు. నేను వాకబు చేసిన ఒక పార్లరులో సీసా పేరు చూపించమంటే "కంపెనీ సరుకేనండి" అన్నారే తప్ప సీసా మాత్రం చూపించలేదు. గదిలో కళ్ళు మండే ఘాటు ఉంటే లేచి వచ్చేయడమే.

కొనదలచిన వారు ఉంగరాల జుట్టుకో, బాగా పొడిబారిన కొసలకో మురుమురు ఒక్కటి, అదీ చిన్న డబ్బా, చలికాలంలో తెప్పించుకోవాలి. ఎండల్లో నాకు వచ్చిన రెండో డబ్బా దారిలోనే కరిగి మూత సందుల్లోంచి సగం కారిపోయింది, అమ్మినవారు వెనక్కి తీసుకోలేదు.