ఫ్రెషర్‌కి సిసిఎన్ఎ పనికొస్తుందా? బెంగళూరు నుంచి నా రివ్యూ

బీటీఎం, మారతహళ్లి పీజీల్లో మనవాళ్ళని ఎవర్ని కదిపినా ఇదే గోల, ఏ సర్టిఫికేషన్ చేస్తే ఫస్ట్ జాబ్ వస్తుంది అని. నేను సిసిఎన్ఎ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్) రాసి ఎన్‌ఓసీలో (కంపెనీ నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే టీమ్) చేరా కాబట్టి దాని గురించే చెప్తా. కోడింగ్ వైపు వెళ్ళేవాళ్ళకి ఇది అక్కర్లేదు.

ముందు ఖర్చు. ఎగ్జామ్ ఫీజు 300 డాలర్లు, ట్యాక్స్ వేరే, పీజీ రెంట్‌కే నాన్నకి ఫోన్ చేసే టైమ్‌లో ఇది మామూలు అమౌంట్ కాదు. పైగా 3 ఏళ్ళే వాలిడిటీ. పరీక్ష 120 నిమిషాలు, ఒక ప్రశ్న దాటితే మళ్ళీ వెనక్కి పోనివ్వడు, ఎంత వస్తే పాసో కూడా సిస్కో వాడు బయటపెట్టడు.

అయినా నా ఓటు దీనికే, సిలబస్ కోసం. సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలు చేయడం), వీల్యాన్ (ఒకే స్విచ్‌లో వేర్వేరు నెట్‌వర్క్‌లు), ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు దారి వెతుక్కునే పద్ధతి), ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ని వదలాలో, ఏది ఆపాలో చెప్పే రూల్స్) ఇవన్నీ చేత్తో చేస్తేనే బుర్రకెక్కుతాయి, దానికి సిస్కో వాళ్ళ సిమ్యులేటర్ ప్యాకెట్ ట్రేసర్ ఫ్రీగానే దొరుకుతుంది, రూటర్ కొనే పని లేదు. ఇంటర్వ్యూలో నన్నడిగింది ఇది: యూజర్ సిస్టమ్‌కి 169.254తో మొదలయ్యే ఐపీ వచ్చింది, ఏం చూస్తావ్? డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వర్) నుంచి అడ్రస్ అందక సిస్టమ్ తనకు తానే పెట్టుకుంది అని చెప్పి, అక్కడ్నుంచి కేబులా, పోర్ట్ తప్పు వీల్యాన్‌లో ఉందా, సర్వర్ డౌనా అని వరసగా చెప్పుకుంటూ పోవాలి. డంప్స్ (లీకైన పరీక్ష ప్రశ్నలు) బట్టీ కొట్టినోళ్ళు ఇక్కడే దొరికిపోతారు, అది తెలిస్తే సిస్కో సర్టిఫికెట్ కూడా పీకేస్తుంది.

కోచింగ్ అంటారా, మారతహళ్లిలో ఒకచోట అడిగితే సిసిఎన్ఎ, ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్), అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్), లైనక్స్ అన్నీ కాంబో, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్ అన్నారు, ఏ కంపెనీల్లో అంటే టాపిక్ మార్చేశారు. దండం పెట్టి వచ్చేశా. యూట్యూబ్‌లో జెరెమీస్ ఐటీ ల్యాబ్ ఫ్రీ, ఇంగ్లిష్ కూడా ఈజీగా అర్థమవుతుంది.

మిగతావి? కాంప్టియా ఏ ప్లస్ సిలబస్ హెల్ప్‌డెస్క్‌కి బానే ఉంటుంది కానీ రెండు పేపర్లు, రెండు ఫీజులు, ఇక్కడి జాబ్ పోస్టుల్లో అడిగినోళ్ళు నాకు పెద్దగా కనపడలేదు. అజూర్ ఏజెడ్-900, ఏడబ్ల్యూఎస్ క్లౌడ్ ప్రాక్టీషనర్ రెండూ పరిచయం లాంటివే, ప్రాక్టీషనర్ 100 డాలర్లు. క్లౌడే కావాలంటే నేరుగా ఏడబ్ల్యూఎస్ సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్‌కి చదవండి, 150 డాలర్లు, ముందు ప్రాక్టీషనర్ రాసి తీరాలనే రూలేం లేదు. లైనక్స్ ఇష్టమైతే రెడ్ హ్యాట్ వాళ్ళ ఆర్‌హెచ్‌సీఎస్ఏ, అందులో మొత్తం సిస్టమ్ మీద చేసి చూపించడమే, బట్టీ కుదరదు.

ఎన్‌ఓసీ జాబ్‌లో నైట్ షిఫ్టులు ఉంటాయి, ఎల్1 (మొదటి లెవెల్ సపోర్ట్) అంటే సగం పని టికెట్లు (వచ్చిన కంప్లయింట్లు) పైవాళ్ళకి ఎస్కలేట్ చేయడమే, జీతం కూడా మొదట్లో అంతంతమాత్రం. అందుకే సిసిఎన్ఎకి 5కి 4 ఇస్తున్నా.

బుక్ చేసేటప్పుడు పేరు మాత్రం ఐడీలో ఉన్నట్టే కొట్టండి. మనకి ఇంటిపేరు ఒక కార్డులో పూర్తిగా, ఇంకోదాంట్లో ఒట్టి అక్షరం ఉంటుంది కదా, తేడా ఉంటే సెంటర్‌లో లోపలికి పంపకపోవచ్చు, ఫీజు కూడా పోతుంది.