పొగడ చెట్టు: ఇన్నేళ్ళ వాడకం తర్వాత నా మాట

నల్గొండలో ఇంటి ముందు ఏ చెట్టు పెట్టాలని ఎవరడిగినా నేను పొగడ పేరే చెప్తాను. మా గేటు పక్కనున్నది ఇల్లు కట్టుకున్న ఏడాది నాటింది. ఇప్పుడు మేడ పిట్టగోడ దాటింది.

పొగడ నిదానంగా పెరుగుతుంది, ఇది ముందే తెలుసుకోవాలి. మూడేళ్ళలో నీడ వస్తుందని నర్సరీలో నమ్మకంగా చెప్పారు. మంచం వేసుకునేంత నీడ రావడానికి పదేళ్ళు దాటింది. ఆ ఓపిక లేనివాళ్ళు కోనోకార్పస్ పెడుతున్నారు. అది తొందరగా ఎదుగుతుంది, నిజమే. కానీ పొగడ కింద ఉండే చల్లదనం దానికి లేదు.

మాది చల్కా నేల, అంటే ఎర్ర ఇసుక నేల, రెండడుగులు తవ్వితే మొరం. గుంత పెద్దగా తీసి చెరువు మట్టి, పశువుల ఎరువు నింపాం. మొదటి ఎండాకాలాలు రోజు విడిచి రోజు నీళ్ళు పోశాం, అవీ బిందెకు తెల్లగా చారలు కట్టే బోరు నీళ్ళే. తర్వాత విడిగా పోసింది లేదు. మే నెలలో ఎండ 44 డిగ్రీలు దాటినా ఆకు వాడదు. దళసరి ఆకు, నున్నగా మెరుస్తుంది. పాత ఆకులు రాలుతూనే ఉంటాయి గానీ చెట్టు ఎప్పుడూ బోడిగా కనిపించదు.

ఇక పూలు. తెల్లారేసరికి వాకిలి నిండా రాలి ఉంటాయి, చిటికెన వేలి గోరంత, పాలమీగడ రంగులో. రాలిన పువ్వుకు నడుమ సన్నటి రంధ్రం ఉంటుంది. సూది అక్కర్లేదు, గడ్డిపరక దూర్చినా దండ అయిపోతుంది. మల్లె సాయంత్రానికి వాడితే వాసన పోతుంది. పొగడ ఎండి గోధుమరంగుకు తిరిగినా వాసన వదలదు. మా అమ్మ బీరువాలో చీరల మడతల్లో పెడుతుంది, నెలల తర్వాత తీసినా తెలుస్తుంది. నాకు ఈ చెట్టు ఇంత ఇష్టం కావడానికి సగం కారణం ఇదే.

ఇబ్బంది పండ్లతోనే. సపోటా కుటుంబం కాబట్టి నారింజ రంగు పండు తినొచ్చు, తియ్యగా, కాస్త వగరుగా ఉంటుంది. గోరింకలకు, గబ్బిలాలకు పండగే. కానీ కిందపడినవి బండల మీద నలిగి మరకలవుతాయి, కారు పెట్టామంటే రోజూ తుడుచుకోవాల్సిందే. కొమ్మ కొడితే పాలు కారతాయి, బట్టలకు అంటకుండా చూసుకోవాలి.

కరెంటు తీగల కింద మాత్రం వద్దు. ప్రహరీకి నాలుగైదు అడుగులు వదిలి, కారు నిలిపే చోటుకు ఎడంగా, వానలు పడ్డాక నాటండి.