పాయింట్ల కుమితేనా, ఫుల్ కాంటాక్టా: పిల్లలకి ఏది మేలు?

అమలాపురం, భీమవరం, పాలకొల్లు... ఏ ఊళ్ళో చూసినా సాయంత్రమయ్యేసరికి స్కూలు గ్రౌండులో కరాటే నేర్చుకునే తెల్ల డ్రెస్సుల పిల్లలు కనిపిస్తున్నారు. రెండు మూడు బెల్టులు మారాక ఇంట్లోవాళ్ళు మాస్టారిని అడిగేది ఒకటే: "పోటీలకి పంపొచ్చాండీ? దెబ్బలు తగలవు కదా?" అది ఏ పోటీ అన్నదాన్ని బట్టి ఉంటుంది. కరాటేలో ఎదురెదురుగా తలపడే ఆటని కుమితే అంటారు. అందులో ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది పాయింట్ల ఆట. టోక్యో ఒలింపిక్స్‌లో జరిగింది ఇదే. 8 మీటర్ల చదరపు మ్యాట్, ఒకరికి ఎర్ర బెల్టు, ఇంకొకరికి నీలం. చేతి దెబ్బకి 1 పాయింటు, పొట్టకో వీపుకో తగిలిన కిక్కుకి 2, తలకి వెళ్ళిన కిక్కుకి 3. పడగొట్టి వెంటనే కొట్టినా 3. 8 పాయింట్ల తేడా వచ్చిందంటే ఆట ముగిసినట్టే. ముఖానికి గట్టిగా తగిలిస్తే శిక్ష కొట్టినవాడికే. చిన్నపిల్లల విషయంలో ఈ నిబంధన మరీ కఠినం.

తాకితే చాలు పాయింటు వస్తుందనుకోకండి. గుద్దు సరిగ్గా పడింది, ఆ సంబరంలో పిల్లాడు వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాడనుకోండి, జడ్జీల జెండా లేవదు, పాయింటు రాదు. కొట్టాక కూడా చూపు ఎదుటివాడి మీదే ఉండాలి, చెయ్యి వెనక్కి రావాలి, కాళ్ళు నిలకడగా ఉండాలి. నలుగురు జడ్జీల్లో కనీసం ఇద్దరికి అది కనబడాలి. కబడ్డీలో కూతకెళ్ళినవాడికి ఎలాగో, ఇక్కడా తాకడం ఎంతో తాకి బయటపడటం అంతే.

రెండోది ఫుల్ కాంటాక్ట్, అంటే బలం ఆపుకోకుండా కొట్టే ఆట. మసుతాత్సు ఒయామా మొదలుపెట్టిన క్యోకుషిన్ కరాటేది ఈ పద్ధతి; జపాన్‌లో తొలి జాతీయ పోటీ 1969లో జరిగింది. పెద్దల పోటీల్లో చేతికి గ్లవుజు ఉండదు. ముఖం మీద గుద్దకూడదు గానీ తలకి కిక్కు కొట్టొచ్చు, తొడ మీద ఎంత బలంగానైనా తన్నొచ్చు. పడినవాడు 3 సెకన్లలో లేచి నిలబడలేకపోతే ఓటమి. దమ్ము, ఓర్పు దీనిలో వచ్చినట్టు ఇంకెక్కడా రావు. కాకపోతే ముఖానికి చేతి దెబ్బ రాదన్న ధీమాతో ఛాతీకి ఛాతీ ఆనించి కొట్టుకోవడం, ముఖానికి కాపు మరచిపోవడం అలవాటవుతుంది.

నన్నడిగితే పద్దెనిమిదేళ్ళు నిండేవరకూ పాయింట్ల ఆటే మేలు. దూరం అంచనా వెయ్యడం, అదును చూసి వెళ్ళడం, దెబ్బని అదుపులో ఆపడం ఆ వయసులో అబ్బితే పోవు. ఎదిగే పిల్లల తలకి, మోకాళ్ళకి పదే పదే దెబ్బలు తగలడం నాకసలు ఇష్టం లేదు. పాయింట్ల ఆటలోనూ లోటుంది: ఎప్పుడూ గెంతుతూ తాకడమే అలవాటైతే బలంగా కొట్టడం ఎలా ఉంటుందో తెలీదు. అందుకే వారంలో కొన్ని రోజులైనా పంచింగ్ బ్యాగు మీద కొట్టించే మాస్టారి దగ్గర చేర్చండి.

గ్లవుజులు, కాలి గార్డులు, ఛాతీ గార్డుతో పాటు పళ్ళకి గమ్ షీల్డు కొనండి. వేడినీళ్ళలో ముంచి, మెత్తబడ్డాక పళ్ళ అచ్చు పడేలా కొరికించేది తీసుకోండి. వదులుగా ఉంటే పిల్లలు ఊసేస్తారు. సిమెంటు నేల మీద పడగొట్టే సాధన చేయిస్తుంటే మాత్రం వద్దని చెప్పండి. మే నెల ఉక్కపోతలో సాధన తెల్లవారుజామునే అయిపోవాలి, మధ్యమధ్యలో నీళ్ళు తాగనివ్వాలి. పద్దెనిమిదేళ్ళు నిండాక కూడా ఫుల్ కాంటాక్ట్ మీద మనసుంటే, అప్పుడు నిరభ్యంతరంగా పంపండి.