టెస్ట్ రైడ్‌కి ఇచ్చిన బండి వేరు, ఇంటికొచ్చిన బండి వేరు

స్పోర్ట్స్ బైక్ కొందామని షోరూముకి బయల్దేరుతున్నవాళ్ళు ఐదు నిమిషాలు ఆగి ఇది చదివి వెళ్ళండి. నన్ను మోసం చేశారని గట్టిగా అనలేను, ఎందుకంటే నేను సంతకం పెట్టిన కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ పది నిమిషాలు నడిపి మనసు పారేసుకున్న బండి ఒకటి, డబ్బంతా కట్టాక చేతికొచ్చిన బండి ఇంకొకటి. పేరు అదే, రంగు అదే, ఇంజనూ అదే. తేడా అంతా పైకి కనబడని చోట ఉంది.

ముందు ఆ టెస్ట్ రైడ్ ఎలా జరిగిందో చెప్తాను, ఎందుకంటే నేను పడిపోయింది అక్కడే. రెండు సిలిండర్ల ఇంజన్, 270 డిగ్రీల క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు). ఈ రకం ఇంజన్లో రెండు సిలిండర్లూ సమాన దూరంలో మండవు. ఆ ఇరుసు తిరుగుడులో ఒక ఎడం 270 డిగ్రీలు, తర్వాతి ఎడం 450 డిగ్రీలు. అందుకే ఆగి ఉన్నప్పుడు కూడా దడ్‌దడ్... దడ్‌దడ్ అని జంటగా కొడుతుంది. సేల్స్ అబ్బాయి నేను వచ్చేసరికే బండి బయటికి తీసి, స్టార్ట్ చేసి ఉంచాడు. ఆ శబ్దం వింటూ గ్లవ్స్ వేసుకుంటుంటేనే నా సగం నిర్ణయం అయిపోయింది. (సగం కాదు, ముప్పావు వంతు.)

రోడ్డెక్కాక మిగతాది అయిపోయింది. మొదటి గేరులో కాస్త లాగి, క్లచ్ ముట్టుకోకుండా కాలితో గేరు పైకి తడితే టక్కున పడింది. మూడు, నాలుగు, అలాగే. కిందికి దించుతుంటే ఇంజన్ తనే ఒక్క గుక్క యాక్సిలరేటర్ ఇచ్చుకుని గేరు అందుకుంది. మలుపులో కొంచెం చూపు తిప్పితే చాలు, బండి తనంతట తనే వాలింది. గతుకుల మీద వెన్ను అదరలేదు. కొత్తగా నల్లగా మెరుస్తున్న రోడ్డు, వెళ్ళడానికో మలుపు, రావడానికో మలుపు, మధ్యలో ఖాళీ. దిగేసరికి నా మొహం చూసి ఆ అబ్బాయి ఏమీ అడగలేదు, ఆర్డర్ ఫారం తెచ్చి ముందు పెట్టాడు.

డెలివరీ రోజు ఇంటికి వస్తుంటే రెండో గేరులోకి అలవాటుగా కాలితో తట్టాను. పళ్ళు నూరినట్టు గరగరమని ఒక చప్పుడు. ఆ క్షణం గుండె జారింది. మలుపులో బండిని నేను తోసి వాల్చాల్సి వచ్చింది. బ్రేకు పట్టుకుంటే చెక్కని నొక్కినట్టు ఉంది. సైలెన్సర్ గొంతు ఎవరో దిండు అదిమినట్టు. ఇంటికొచ్చి బండి పక్కన నిలబడి, దీన్నేనా నేను నడిపింది అనుకున్నాను.

ఇక్కడ న్యాయంగా ఉండాలి కాబట్టి ఒక మాట. ఈ తేడాల్లో కొన్ని ఏ కొత్త బండికైనా ఉండేవే. కొత్త బ్రేకు ప్యాడ్లు డిస్కుతో సర్దుకునేదాకా మొద్దుగానే ఉంటాయి, కొన్ని వందల కిలోమీటర్లలో అవే పదునెక్కుతాయి. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది, మొదటి 100–150 కి.మీ. దాన్ని నమ్మి వాల్చకూడదు. గేర్లు కూడా బిగుతుగా ఉండి తర్వాత వదులవుతాయి. అందుకని వారం రోజులు నోరు మూసుకుని, మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎం దాటకుండా నడిపాను. బ్రేకులు నిజంగానే బాగుపడ్డాయి. మిగతావి బాగుపడలేదు.

గుట్టు విప్పింది నా ఫొటో. టెస్ట్ రైడ్ రోజు హెల్మెట్ చంకలో పెట్టుకుని డెమో బండి (టెస్ట్ రైడ్‌కి ఇచ్చిన షోరూము బండి) పక్కన తీయించుకున్నది. ఒక రాత్రి నిద్రపట్టక దాన్ని పెద్దది చేసి చూస్తే ముందు టైరు పక్కగోడ మీద పేరు స్పష్టంగా కనిపించింది. కింద నా బండి దగ్గరికి వెళ్ళి టార్చ్ వేసి చూశాను. సైజు ఒకటే, ముందు 120/70 జెడ్‌ఆర్ 17, వెనక 180/55 జెడ్‌ఆర్ 17. పేరు మాత్రం వేరు. డెమోకి బిగించినవి ట్రాక్ మీద కూడా వాడే మెత్తటి టైర్లు. నా బండికి వచ్చినవి దూరప్రయాణాలకి ఎక్కువ కాలం మన్నే రకం.

సైజు ఒకటైతే తేడా ఏముంటుంది అనుకోకండి, నేనూ అలాగే అనుకున్నాను. ఆ అంకెలు చెప్పేది టైరు వెడల్పు 120 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు అని మాత్రమే. టైరు నడినెత్తి (రోడ్డుకి తగిలే మధ్యభాగం) ఎంత కోసుగా ఉంది, రబ్బరు ఎంత మెత్తన అన్నది ఆ అంకెల్లో లేదు. కోసుగా ఉన్న టైరు త్వరగా వాలుతుంది, గుండ్రంగా ఉన్నది నింపాదిగా వాలుతుంది. బండి తనంతట తనే వాలిందని పొంగిపోయానే, ఆ పొగడ్తలో సగం టైరుకి చెందాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఒకే పేరున్న టైరునే బండి కంపెనీలు తమ కోసం కాస్త మార్చి చేయించుకోవడం ఉంది. అప్పుడు పేరు చివర తోకలా ఒక అక్షరం ఉంటుంది. కాబట్టి పేరు పూర్తిగా, ఆఖరి అక్షరంతో సహా చదవాలి. నా టైర్లు చెడ్డవని అనను. చల్లటి పూట, తడి రోడ్డు మీద బహుశా అవే నయం. కానీ నేను వాటిని నడిపి చూసి కొనలేదు కదా.

ఒకటి దొరికాక మిగతావి వరసగా దొరికాయి. క్లచ్ లేకుండా గేర్లు పడ్డాయే, దాన్ని క్విక్‌షిఫ్టర్ అంటారు. గేరు రాడ్డు మీద చిన్న సెన్సర్ ఉంటుంది. కాలి ఒత్తిడి తగలగానే ఇంజన్ కంప్యూటర్‌కి కబురు వెళ్ళి, రెప్పపాటు కన్నా తక్కువసేపు ఇంజన్ లాగుడు ఆగుతుంది, ఆ సందులో గేరు జారుతుంది. నా మోడల్లో వైరింగ్ అంతా ముందే ఉంది, సెన్సర్ మాత్రం విడిగా కొనుక్కోవాలి. డెమోకి బిగించారు, నాకు లేదు. నా గేరు రాడ్డు మామూలు ఇనుప కడ్డీ. బయటికి తెలిసే తేడా బొటనవేలంత లావు ముక్క, అంతే. సైలెన్సర్ కూడా డెమోకి వేరే పెట్టారు. గుండె కొట్టుకున్నట్టు వినబడ్డ ఆ చప్పుడు, నేను కొన్న బండిది కాదన్నమాట. బ్రేకు, క్లచ్ లీవర్లు సరేసరి.

సస్పెన్షన్ దగ్గర మాత్రం నాకు లాభమే జరిగింది, అది కూడా చెప్పాలి. డెమో వెనక షాకు (షాక్ అబ్సార్బర్) ప్రీలోడ్, అంటే దాని స్ప్రింగుని ముందే బిగించి ఉంచిన మోతాదు, రెండో మెట్టులో ఉంది, నాది ఐదో మెట్టులో. ఇది అదనపు సామాను కాదు, తిప్పుకుంటే సరిపోయేది. మనం ఎక్కి కూర్చున్నప్పుడు బండి ఎంత కుంగుతుందో కొలిచి, రోడ్డు మీద నడిపే బండికి సుమారు 30–40 మి.మీ. ఉండేలా పెట్టుకోవాలి. నేను తిప్పించుకున్నాను, వెన్ను నొప్పి సగం పోయింది. డెలివరీ రోజు ఈ ఒక్క పని ఎవరూ చేయరు, అడిగితే తప్ప.

ఇక పెట్రోలు. ఇది తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది. టెస్ట్ రైడ్‌లో బండి భలే తేలికగా ఉంది అన్నాను. స్క్రీన్ మీద పెట్రోలు గుర్తు మెరుస్తూనే ఉంది, పట్టించుకోలేదు. లీటరు పెట్రోలు దాదాపు ముప్పావు కిలో తూగుతుంది. 14 లీటర్ల ట్యాంకు నిండితే పది కిలోల పైమాట, అదీ బండి పైభాగంలో, సరిగ్గా మన పొట్ట ముందు. మెల్లగా యూటర్న్ తీసుకునేటప్పుడు ఆ పది కిలోలు తెలుస్తాయి. బరువు అంటే గుర్తొచ్చింది, బ్రోషర్‌లో ఏ బరువు రాశారో చూడండి. డ్రై వెయిట్ అంటే పెట్రోలు లేకుండా, కొన్ని కంపెనీల లెక్కలో ఆయిలూ, ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం కూలెంటూ, బ్యాటరీ కూడా లేకుండా. కర్బ్ వెయిట్ అంటే అన్నీ నింపి, రోడ్డెక్కడానికి సిద్ధంగా ఉన్న బరువు. 1992లో హోండా సీబీఆర్ 900 ఆర్‌ఆర్ 185 కిలోల డ్రై వెయిట్‌తో వచ్చినప్పటి నుంచీ స్పోర్ట్స్ బళ్ళ అమ్మకం కిలోల మీదే నడుస్తోంది. రెండు బళ్ళని పోల్చేటప్పుడు రెండింటికీ ఒకే రకం బరువు పక్కపక్కన పెట్టుకోవాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

షోరూముకి వెళ్ళి అడిగాను. మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "డెమో బండికి యాక్సెసరీలు ఉంటాయి సర్, అందరికీ తెలిసిందే కదా" అన్నాడు. "ఆ రోజు నాకెవరూ చెప్పలేదండీ" అన్నాను. బ్రోషర్ తీసి చివరి పేజీలో, చీమ కాళ్ళంత అక్షరాల్లో ఉన్న వాక్యం మీద వేలు పెట్టాడు: చిత్రంలోని ఉపకరణాలు బండితో పాటు రాకపోవచ్చు. ఫారంలో నా సంతకం పైన కూడా అదనపు సామాను గడి ఖాళీగా ఉంది. కావాలంటే సెన్సర్, సైలెన్సర్ కొనుక్కోండి, కొంత తగ్గిస్తాం అన్నాడు. వద్దని లేచి వచ్చేశాను. తర్వాత సెన్సర్ ఒక్కటి కొన్నాను. ఆ పది నిమిషాల అలవాటు పోలేదు, ఏం చేయను.

కాబట్టి మీరు వెళ్ళేటప్పుడు బండి స్టార్ట్ చేసి ఉంచొద్దని ముందే ఫోన్‌లో చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ కేసు మీద అరచెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. చల్లటి ఇంజన్ ఎలా స్టార్ట్ అవుతుందో, మొదటి నిమిషం గేరు ఎలా పడుతుందో వెచ్చబెట్టిన బండి చెప్పదు. ఎక్కకముందే "కంపెనీ నుంచి వచ్చాక ఈ బండికి ఏమేం మార్చారు?" అని అడగండి, జవాబు ఫారం వెనక రాయించుకోండి. టైర్ల పేర్లు, గేరు రాడ్డు, సైలెన్సర్, షాకు మెట్టు, అన్నిటికీ దగ్గర్నుంచి ఫొటోలు తీయండి. మొహం లేకపోయినా పర్లేదు.

దారి మాత్రం మీరే ఎంచుకోండి, వాళ్ళు చూపిన ఖాళీ రోడ్డు వద్దు. కనీసం అరగంట, అందులో పది నిమిషాలు ఆగుతూ సాగే ట్రాఫిక్‌లో ఉండాలి. కూలెంట్ వేడి 100 డిగ్రీల దరిదాపులకి చేరితేగానీ చాలా బళ్ళలో ఫ్యాన్ తిరగదు. అది తిరిగినప్పుడు ఆ వేడిగాలి మీ తొడల మీదికి వస్తుందో, పక్కకి పోతుందో కొనకముందే తెలియాలి. నా టెస్ట్ రైడ్‌లో ఫ్యాన్ ఒక్కసారి కూడా తిరగలేదు. ఇప్పుడు రోజూ తిరుగుతోంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పి, ట్యాంకుకీ మీ బొటనవేలికీ మధ్య చోటుందా చూసుకోండి. అద్దాల్లో వెనక రోడ్డు కనబడుతోందా, మీ మోచేతులే కనబడుతున్నాయా చూడండి. మణికట్ల నొప్పి పది నిమిషాల్లో తెలియదు. ఇరవయ్యో నిమిషానికి మొదలవుతుంది.

డెలివరీ రోజు టైరు మీద డాట్ (DOT) అని మొదలయ్యే అక్షరాల వరస చివర ఉన్న నాలుగంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైందని. ఛాసిస్ నంబరులో 17 అక్షరాలూ అంకెలూ కాగితాలతో ఒక్కొక్కటీ సరిపోవాలి. ఇవి చూసేటప్పుడు పక్కన ఎవరైనా తొందరపెడితే పెట్టనివ్వండి.

మొన్న మొదటి సర్వీసుకి వెళ్ళాను. బండి లోపలికి తీసుకెళ్ళాక బయటికి వస్తే, అదే డెమో బండి, ఆసరికే స్టార్ట్ చేసి ఉంది. మీద ఓ కుర్రాడు గ్లవ్స్ తొడుక్కుంటున్నాడు. మొహంలో ఆ రోజు నా మొహమే. దగ్గరికి వెళ్ళి, "తమ్ముడూ, ముందు టైరు మీద పేరు ఒకసారి చదివి, అదిగో లోపల అమ్మకానికి పెట్టిన బండి టైరు కూడా చదువు" అన్నాను. సేల్స్ అబ్బాయి నాకేసి చూసిన చూపు చెప్పను. కుర్రాడు మాత్రం ఇంజన్ ఆపి, బండి దిగి వంగి చూడటం మొదలుపెట్టాడు.